రన్నింగ్ రూమ్‌లో నిద్ర

మా ఎదురింటి అమ్మాయి బెజవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టులు అమ్మే కంపెనీలో చేరి ఆరు నెలలైంది. పోయిన నెల ఒకరోజు రాత్రి ఎనిమిదింటికి ఫోను చేతిలో పట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్ళ మేనేజరు పంపిన మెయిలు చూపించింది. చెన్నై పార్టీకి వెళ్ళాల్సిన కొటేషన్ గురించి ఒకే ఒక్క వాక్యం: 'ప్లీజ్ రన్ ఇట్ బై మీ బిఫోర్ యు సెండ్ ఇట్.' పంపేముందు ఒకసారి నాకు చూపించమని. ఈ పిల్లకి రన్ కనపడింది, సెండ్ కనపడింది. తొందరగా పంపమంటున్నారనుకుని పది నిమిషాల్లో పంపేసింది. అందులో ఉన్నవి పాత ధరలు. మర్నాడు పొద్దున్నే అందరి ముందూ చీవాట్లు.

"తెలియని మాటైతే గూగుల్లో చూసేదాన్ని కదా ఆంటీ! రన్ అంటే నాకు తెలియకపోవడమేంటి? ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే నేను" అంది. ఏడుపు లేదు, కోపం ఉంది. ఎవరి మీదో తనకే తెలియని కోపం.

ఆ మాట నన్ను వారం రోజులు వదల్లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఈ ఊళ్ళో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెబుతున్నాను. ఇన్నేళ్ళూ మేం కష్టమైన మాటలని చెప్పి కింద గీతలు గీయించినవన్నీ పొడుగాటి మాటలు. అలాంటి మాట కనపడితే పిల్ల ఆగుతుంది, ఎవరినో ఒకర్ని అడుగుతుంది. రన్, టేక్, గెట్, సెట్, పుట్ కనపడితే ఎవరూ ఆగరు. అవి ఒకటో తరగతిలో అయిపోయిన పాఠం. ఇంగ్లీషువాళ్ళ సంసారమంతా నడిచేది మాత్రం ఆ చిన్న మాటల మీదే.

కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఒక ఇంగ్లీషు మాటకి ఎదురుగా ఒక తెలుగు మాట రాయించి, అర్థం వచ్చేసిందని పిల్లల్ని నమ్మించాం. తప్పు మాది, టీచర్లది. ఆ తప్పు దిద్దుకుంటున్నామంటూ తెలుగునే క్లాసులోంచి వెళ్ళగొట్టాం. అది ఇంకా పెద్ద తప్పు.

నాన్న డ్యూటీ

నాన్న రైల్వేలో డ్రైవరు. ఇప్పుడు లోకో పైలట్ అంటున్నారు, నాన్న మాత్రం ఈ రోజుకీ డ్రైవరనే చెప్పుకుంటాడు. మేం సత్యనారాయణపురం రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్ళం. అర్ధరాత్రి డ్యూటీకి పిలిచే కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. అమ్మ లేచి నాన్న డ్యూటీకి పట్టుకెళ్ళే లైన్ బాక్సులో బియ్యం, కందిపప్పు, చింతపండు, కారం పొట్లాలు సర్దేది. మర్నాడు ఎవరైనా వచ్చి ఆయనేరీ అంటే, 'కాజీపేట రన్నింగ్ రూమ్‌లో ఉండుంటారు' అనేది.

నాకప్పుడు ఆరేడేళ్ళు. రన్ అంటే పరుగెత్తుట అని స్కూల్లో అప్పుడే చెప్పారు. రన్నింగ్ రూమ్ అంటే పెద్ద హాలనీ, అందులో డ్రైవర్లూ గార్డులూ గోడ వెంబడి పరుగెత్తుతూ ఉంటారనీ అనుకునేదాన్ని. రాత్రంతా బండి నడిపిన మనిషి మళ్ళీ పరుగెత్తాలా అని నాన్న మీద జాలేసేది. ఒకసారి సెలవల్లో అడిగేశాను, అక్కడ కాళ్ళు నొప్పెట్టవా అని. నాన్నకి ఎంతసేపటికీ నా ప్రశ్న అర్థం కాలేదు.

బండి నడిపే ఉద్యోగుల్ని రైల్వేలో రన్నింగ్ స్టాఫ్ అంటారు. డ్యూటీలో ఇంటికి దూరంగా ఏ ఊళ్ళో బండి దిగుతారో అక్కడ వాళ్ళు విశ్రాంతి తీసుకునే చోటు రన్నింగ్ రూమ్. తెచ్చుకున్న సరుకులు ఇస్తే వంటమనిషి వండి పెట్టేవాడు. మంచాలు వేసి ఉండేవి. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్ళు పగలు పడుకుంటారు కాబట్టి గట్టిగా మాట్లాడకూడదు. పేరులో పరుగు ఉన్న గదిలో మనుషులు ఒళ్ళు తెలియకుండా నిద్రపోతారు.

నేను స్కూల్లో చెప్పిన అర్థాన్ని నమ్మి వాడుకున్నాను, అంతే. ఎదురింటి అమ్మాయీ అదే చేసింది. నాకు ఆరేళ్ళు కాబట్టి ముద్దొచ్చాను. దానికి ఇరవై మూడు కాబట్టి చీవాట్లు పడ్డాయి.

645

ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ పెద్ద నిఘంటువులో రన్ మాటని తిరగరాసే పని పీటర్ గిలివర్ అనే సంపాదకుడి మీద పడితే, ఆ ఒక్క మాటకే ఆయనకి తొమ్మిది నెలలు పట్టింది. 2011లో బయటికి వచ్చిన లెక్క ప్రకారం క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. అంతకుముందు, 1989లో వచ్చిన రెండో కూర్పులో, 430 అర్థాలతో సెట్ అన్నిటికన్నా పెద్దది.

ఈ అంకె మొదటిసారి చదివినప్పుడు నేను నీరుగారిపోయాను. నెమ్మదిగా ఆలోచిస్తే, నిఘంటువు రాసేవాళ్ళ పని వేరు, నేర్చుకునేవాళ్ళ పని వేరు. వాళ్ళు వందల ఏళ్ళ వాడుకంతా కుప్పపోసి, వెంట్రుకవాసి తేడా ఉన్నా వేరే గింజగా ఏరతారు. ఇంగ్లండులో పుట్టి పెరిగినవాళ్ళు కూడా ఆ 645 లెక్కపెట్టుకుని మాట్లాడరు. ఉద్యోగానికీ చదువుకీ మన పిల్లలకి రోజూ తగిలేవి పట్టుమని పాతిక ఉంటాయేమో.

ఆ పాతిక చోట్లా మన ఇళ్ళల్లో ఏమంటామో చూడండి. ముక్కు కారుతుంది. కాలవ పారుతుంది. బెజవాడ మధ్యలోంచి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ పోతాయి. బస్సు నడుస్తుంది, ఫ్యాను తిరుగుతుంది, సినిమా వంద రోజులు ఆడుతుంది, హోటలు ఎవరో నడుపుతారు. కొత్త చీర ఉతికితే రంగు దిగుతుంది. కాఫీ కలపబోతే పంచదార అయిపోయి ఉంటుంది. షుగరు జబ్బు మా వంశంలోనే ఉంది అంటాం. ఒళ్ళు కాలిపోతోంది అంటాం. బీసెంట్ రోడ్డులో చిన్ననాటి స్నేహితురాలు ఎదురుపడుతుంది. ఇన్ని చోట్లా ఇంగ్లీషువాళ్ళు రన్ అన్న ఒక్క మాటతో గడుపుకోగలరు. మనకి పరుగెత్తడం ఒక్కచోటా అక్కర్లేకపోయింది.

ఎన్నికల సంగతి ఇంకా చిత్రం. పదవికి పోటీ చేయడాన్ని అమెరికావాళ్ళు రన్ అంటారు, బ్రిటన్ వాళ్ళు స్టాండ్ అంటారు. అమెరికాలో పరుగెత్తుతారు, బ్రిటన్‌లో నిలబడతారు. మన దగ్గర కూడా 'ఫలానా ఆయన నిలబడ్డాడు' అనే అంటాం. కొన్నేళ్ళ కిందట ఒక కుర్రాడు అమెరికా వార్త ఒకటి తెలుగులోకి మారుస్తూ 'అధ్యక్ష పదవికి పరుగెత్తుతున్నాడు' అని రాశాడు. ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి మార్కు తీసేశాను. ఆ పేపరు ఇప్పుడు నా చేతికొస్తే కొట్టెయ్యను. పక్కన 'మన వీధిలో ఏమంటారు?' అని రాసి వెనక్కిస్తాను.

లండన్ పిల్లకి తెలుగు

మెయిలు గొడవ జరిగిన వారమే తొమ్మిదో తరగతికి వెళ్ళి బోర్డు మీద తెలుగులో 'పట్టు' అని రాశాను. లండన్ నుంచి ఒక పిల్ల వచ్చి మీ బెంచీలో కూర్చుంది, దానికి ఈ మాట నేర్పండి అన్నాను. హోల్డ్ టీచర్, క్యాచ్ టీచర్ అని అరిచారు. సరే, ఆ పిల్ల అది రాసుకుని మీ ఇంటికి వచ్చింది, మీ ఇంట్లోవాళ్ళ నోట పట్టు ఎక్కడెక్కడ వింటుందో చెప్పండి అన్నాను.

నిద్ర పట్టింది. జలుబు పట్టింది. గేటుకి తుప్పు పట్టింది. గ్రహణం పట్టింది. చంటిదానికి పాలు పట్టు. పంపు వచ్చింది, బిందెలో నీళ్ళు పట్టు. మిల్లుకెళ్ళి పిండి పట్టించు. తలకి నూనె పట్టించు. నన్ను తప్పు పట్టకు. ఈ సంచిలో పది కిలోలు పట్టవు. చెమట పట్టింది, పిచ్చి పట్టింది, ముసురు పట్టింది. బోర్డు నిండింది. 'మా అన్నకి ఇల్లు పట్టదు' అని చివరి బెంచీ పిల్ల అంటే క్లాసంతా ఒక్కసారి చల్లబడింది, నేనూ ఆ మాట రాసి కిందికి జరిగిపోయాను. గంట కొట్టేసరికి ఇరవై మూడు వచ్చాయి. ఎవరూ పుస్తకం తెరవలేదు.

ఆ ఇరవై మూడూ వాళ్ళకి ఎవరు నేర్పారు? జాబితా వేసి ఎవరైనా బట్టీ పట్టించారా?

దీనికి జవాబు వన్‌టౌన్‌లో బట్టల కొట్టువాళ్ళ అబ్బాయి చెప్పాడు. ఇంట్లో మార్వాడీ మాట్లాడుకుంటారు. వాడు ఈ ఊరు వచ్చిందే నాలుగో తరగతిలో. "కొత్తలో ఒక కస్టమరు మా షాపుకొచ్చి 'బెంజి సర్కిల్ నుంచి రావడానికి గంట పట్టింది' అంది టీచర్. గుడి గంట పట్టుకొచ్చిందేమోనని చేతులు చూశాను" అన్నాడు. అందరూ నవ్వారు, వాడూ నవ్వాడు. తర్వాత అన్నాడు: "మీనింగ్ ఎవరూ చెప్పలేదు. అరగంట పట్టింది, రెండ్రోజులు పట్టుద్ది అని రోజూ వింటా కూర్చున్నా. టైము పక్కన పట్టు వస్తే ఇదీ అని వచ్చేసింది."

టైము పక్కన పట్టు వస్తే. పద్నాలుగేళ్ళ కుర్రాడు ఇంత తేలిగ్గా అనేసిన మాట కోసం నేను బీఈడీలో పుస్తకాలు చదివాను. లాహోరులో కొన్నేళ్ళు ఇంగ్లీషు ప్రొఫెసరుగా ఉండి, తర్వాత లండన్‌లో భాషాశాస్త్రం చెప్పిన ఫర్త్ కూడా ఇదే అన్నాడు: ఏ మాటనైనా దాని పక్కన ఎవరున్నారో చూసి పోల్చుకోవాలని. ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మనవాళ్ళు మనుషుల గురించి అనుకున్నది మాటలకీ సరిపోతుంది. ముక్కు పక్కన చేరిన రన్ వేరు, హోటలు పక్కన చేరిన రన్ వేరు. 'బై మీ' పక్కన చేరినది ఇంకొకటి.

మా ఇంటి దగ్గర స్కూటరు మెకానిక్ ఏడో తరగతితో చదువు ఆపేశాడు. "సౌండు రన్నింగులో వస్తందా, నిలబెట్టినప్పుడు కూడానా?" అని అడుగుతాడు. సెకండ్ హ్యాండు బండి చూసి "రన్నింగ్ కండిషనే" అని తేలుస్తాడు. నడుస్తున్న స్థితి ఒకటి, నడవగలిగిన స్థితి ఒకటి. రెండూ ఆయన నోట్లో ఎక్కడివక్కడ సరిగ్గా పడతాయి. మాట ఆయనకి ఇంజనుతో కలిసి వచ్చింది. మా పిల్లలకి వచ్చుట, పోవుట అన్న పట్టికలో వచ్చింది.

ఇప్పుడు నా క్లాసులో నోటుపుస్తకానికి ఒకటే కట్టుబాటు పెట్టాను. మాట ఒంటరిగా రాయకూడదు. ఎడమ పేజీలో ఇంగ్లీషు వాక్యం మొత్తం రాయాలి, కుడి పేజీలో ఆ సందర్భంలో ఇంట్లో ఏమంటారో అది రాయాలి. 'వియ్ హావ్ రన్ ఔట్ ఆఫ్ షుగర్' కి ఎదురుగా ఒక పిల్ల 'పంచదార నిండుకుంది' అని రాసుకొచ్చింది. అయిపోయింది అనకూడదట, వాళ్ళ అమ్మమ్మ ఒప్పుకోదట. ఆ పేజీ చూసి నాకెంత సంతోషం వేసిందో చెప్పలేను. ఒక ఇంగ్లీషు వాక్యం వెంట వెళ్ళి ఆ పిల్ల తన ఇంటి తెలుగులో ఒక మంచి మాట పట్టుకొచ్చింది.

ఇది నేను కనిపెట్టిందేమీ కాదు. 170 ఏళ్ళ కిందట బ్రౌన్ దొర తన తెలుగు నిఘంటువులో చేసిన పని కూడా దాదాపు ఇదే. పట్టు లాంటి మాట వస్తే ఒక్క ఇంగ్లీషు మాట పక్కన పడేసి దాటిపోలేదు, జనం ఎలా అంటారో ఆ వాడుకలు చేర్చుకుంటూ పోయాడు. పరాయి భాష నేర్చుకున్న మనిషికి ఆ అవసరం బాగా తెలుసు.

ఎడతెగనితనం అనుకుంటే?

నా స్నేహితురాలు ఒకామె, ఆమె కూడా ఇంగ్లీషు టీచరే, ఇంత అక్కర్లేదంటుంది. రన్‌కి ఉన్నది ఒకటే మూలార్థం, ఆగకుండా సాగిపోవడం. నీరు, రోడ్డు, ముక్కు, సినిమా, మిషను అన్నీ ఆగకుండా సాగేవే. ఆ ఒక్క బొమ్మ పిల్లల బుర్రలో పడితే మిగతావి వాళ్ళే అల్లుకుంటారు అంటుంది.

వినడానికి చాలా అందంగా ఉంటుంది. నేనూ కొన్నాళ్ళు అలాగే చెప్పాను. తర్వాత అనుమానం వచ్చింది. అర్థం తెలిశాక వెనక్కి తిరిగి చూస్తే మూలార్థం కనపడుతుంది. తెలియకముందు అది దారి చూపించదు. ఆగకుండా సాగడం నుంచి పంచదార నిండుకోవడానికి ఎవరైనా సొంతంగా వెళ్ళగలరా? ఆ బొమ్మ ప్రకారం 'రన్ ఔట్ ఆఫ్ షుగర్' అంటే పంచదార డబ్బాలోంచి ధారగా పోతోందని ఒక పిల్లాడు రాశాడు. వాడి లెక్క వాడికి సరిపోయింది, నేను నేర్పిన లెక్కే అది.

అలాగని దాన్ని పూర్తిగా పారెయ్యలేను. ఎదురింటి అమ్మాయికి ఆ రాత్రి 'బై' అంటే ఇక్కడ పక్కనుంచి అని చెప్పాను. ఆ కాగితాన్ని ఒకసారి నా ముందునుంచి పోనీ అంటున్నాడు మీ మేనేజరు అన్నాను. మనం 'ఒకమాట నా చెవిన వెయ్యి' అనమూ, అదీ అంతే అన్నాను. కాసేపు ఆలోచించి, "చెవిన వెయ్యమంటే చెవిలో వెయ్యడం కాదుగా మరి" అంది. మొహంలో కోపం పోయింది. ఆ అమ్మాయికి ఆ వాక్యం ఇక జన్మలో మర్చిపోవడం ఉండదు. కనక మూలార్థం గుర్తుపెట్టుకోవడానికి మేకులాంటిది. ముందు వాక్యం దొరకాలి, మేకు తర్వాత.

మార్కుల మాట, తెలుగు మాట

నా పక్క క్లాసు టీచరు వేసే ప్రశ్న దీనికన్నా గట్టిది. నలభై ఐదు మంది పిల్లలు, నలభై నిమిషాల పీరియడు, పరీక్షలో అడిగేది సమానార్థకాలు. నువ్వు పట్టు, పాలు అంటూ కూర్చుంటే సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు అంటుంది. ఆమె మాట కొట్టిపారేయలేను. ఒక మాటకి మొదటి పరిచయం ఎక్కడో ఒకచోట కావాలి. రన్ అంటే పరుగెత్తడం అని ఒకటో తరగతిలో చెప్పడంలో దోషం లేదు. తొమ్మిదో తరగతి దాకా ఆ పరిచయం దగ్గరే వదిలేస్తున్నాం, నా బాధ అది. వారానికి ఒక్క చిన్న మాట చాలు. ఒక్క పీరియడులో పావుగంట. పీరియడుకి పది పొడుగు మాటల అర్థాలు రాయించే టైములోంచే అది తీయొచ్చు.

నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది ఆమె అన్న రెండో మాట. "నీ పద్ధతి తెలుగు వచ్చిన పిల్లలకి కదా" అంది. ఆ నోటుపుస్తకాలు దిద్దుతుంటే అర్థమైంది. కుడి పేజీలో 'ముక్కు రన్ అవుతోంది' అని రాసినవాళ్ళు ముగ్గురు. 'కాలవ రన్ అవుతోంది' అని ఒకరు. వీళ్ళు వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్ళు కాదు, తెలుగు ఇళ్ళల్లో పుట్టినవాళ్ళే. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే స్కూళ్ళలో అయిదారేళ్ళు చదివి వచ్చారు. వాళ్ళకి రన్ పక్కన పెట్టుకోడానికి 'పారు' అన్న మాట లేదు, 'కారు' అన్న మాట లేదు. ఇటు ఆధారం లేదు, అటు ఇంగ్లీషు 'రన్నింగ్' ఒక్క అర్థం దగ్గరే ఆగిపోయింది.

వాళ్ళకి నేను కుడి పేజీ ఖాళీగా వదిలెయ్యమన్నాను. ఇంటికెళ్ళి అమ్మనో నాయనమ్మనో అడిగి నింపుకు రమ్మన్నాను. ఒకడు తెనాలిలో ఉన్న అమ్మమ్మకి ఫోను చేశాడట. ఆవిడ కారు, పారు చెప్పడంతో ఆగలేదు. తడి బట్ట నుంచి నీళ్ళు ఓడతాయనీ, చూరు నుంచి చినుకులు రాల్తాయనీ, పాలు పొంగుతాయనీ అరగంట చెప్పిందట. వాడు అవన్నీ రాసుకొచ్చాడు, వాటికి ఇంగ్లీషు ఏమిటని ఎడమ పేజీ ఖాళీగా పెట్టి నన్నడిగాడు. ఆ రోజు పాఠం కుడి నుంచి ఎడమకి నడిచింది. కొన్నిటికి నేనే నిఘంటువు వెతుక్కున్నాను.

ఇలా నలభై ఐదు మందికీ జరుగుతుందని చెప్పను. ఫోను చెయ్యడానికి అమ్మమ్మ లేని పిల్లలున్నారు. సాయంత్రం ఏడింటిదాకా ట్యూషన్‌లో ఉండి, ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడే ఓపిక లేని పిల్లలున్నారు. వాళ్ళ కోసం ఏం చెయ్యాలో ఇంకా వెతుకుతూనే ఉన్నాను. క్లాసులో పక్కపక్కన కూర్చోబెట్టి ఒకరి కుడి పేజీ ఇంకొకరికి చదివిస్తున్నాను ప్రస్తుతానికి.

నాన్నకి ఇప్పుడు డెబ్భై తొమ్మిది. మా చెల్లెలు హైదరాబాద్ నుంచి వస్తుంటే ఫోనులో బండి రన్నింగ్ స్టేటస్ చూసి 'నలభై నిమిషాలు లేటు నడుస్తోంది' అని మాకు చెప్పేది ఆయనే. మొన్న ఆదివారం కాఫీ ఇస్తూ అడిగాను, రన్నింగ్ రూమ్ అన్న మాట మొదట విన్నప్పుడు నీకేమనిపించింది నాన్నా, అర్థం ఎవరైనా చెప్పారా అని.

"ఎవరు చెబుతారమ్మా" అన్నాడు. "మొదటిసారి కాజీపేటలో బండి దిగాక గార్డుగారు 'పదవయ్యా, రన్నింగ్ రూమ్‌కి పోదాం' అన్నాడు. పోయాం. పొట్లాలు ఇస్తే పప్పూ అన్నం వండాడు. తిని పడుకున్నా."